చింతగింజలు, సుద్దముక్క, కాస్త నేల

ఏం తోచడం లేదని పిల్లలు పేచీ పెడితే మన పెద్దలు ఏం చేసేవారు? పైసా ఖర్చు లేకుండా వందల ఏళ్లు నడిచిన ఆటల కథ ఇది.

శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ నాటకంలో ఒక పసివాడి పేచీ ఉంది. ఆ పిల్లవాడు రోహసేనుడు. తండ్రి చారుదత్తుడు ఒకప్పుడు బాగా బతికినవాడే, అడిగినవారికల్లా ఇచ్చి చితికిపోయాడు. పక్కింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకుని వచ్చిన రోహసేనుడికి, ఇంట్లో పరిచారిక రదనిక చేసిచ్చిన మట్టిబండి నచ్చలేదు. బంగారు బండే కావాలని ఒకటే ఏడుపు. చూసి మనసు కరిగిన వసంతసేన ఒంటిమీది నగలు తీసి మట్టిబండి నిండా పోసింది. పిల్లవాడు ఏడుపు మానాడు కానీ, ఆ నగలే తర్వాత న్యాయసభలో బయటపడి చారుదత్తుడి మెడకు చుట్టుకున్నాయి. వధ్యస్థానం దాకా లాక్కెళ్లాయి.

పక్కింట్లో చూసిన ఖరీదైన బొమ్మ కోసం ఏడ్చే పిల్లలు, వాళ్ల ఏడుపు చూడలేని పెద్దలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అయితే ఈ గడ్డమీద పిల్లల పొద్దు గడిపింది బంగారు బండ్లు కావు. హరప్పా, మొహెంజదారో తవ్వకాల్లో కాల్చిన మట్టితో చేసిన చిన్న చిన్న బండ్లు, తల ఆడించే ఎద్దులు, పిట్ట ఆకారపు ఈలలు, పాచికలు దొరికాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన బొమ్మలవి. మన పల్లెల్లో ఆ బండి తాటికాయలతో తయారైంది. ముంజలు తినేశాక మిగిలిన తాటిబుర్రలు రెండు తీసుకుని, వాటి మధ్య ఒక పుల్ల గుచ్చితే ఇరుసూ చక్రాలూ సిద్ధం. పొడవాటి పంగలకర్రను ఇరుసుకు ఆనించి తోసుకుంటూ వీధి ఆ చివర నుంచి ఈ చివరకు పరుగే పరుగు. ముంజల కాలం అయిపోయేసరికి బండీ ఎండి విరిగిపోయేది. దాని గురించి ఎవరూ ఏడవలేదు, మళ్లీ ఏడాది ఇంకోటి వస్తుంది కాబట్టి.

రాతిమీద పులులు, మేకలు

పాత గుళ్లకు వెళ్లినప్పుడు స్తంభాలమీది శిల్పాలు చూసి వచ్చేస్తాం. ఈసారి మండపం నేలబండలమీద కూడా ఒకసారి చూపు నిలపండి. హంపీలోనూ, దక్షిణాదిలోని మరెన్నో ఆలయాల్లోనూ బండలమీద త్రికోణంలో గీతలు, చదరపు గళ్లు, వరుసగా చిన్న గుంటలు చెక్కి ఉంటాయి. అవి ఆటపటాలు. వాటిని చెక్కినవారి పేర్లు ఎక్కడా లేవు. ఎండవేళ ఊళ్లో చల్లని బండ, నలుగురు కూర్చునే నీడ దొరికేది మండపంలోనే. పొద్దుపోక కూర్చున్న పెద్దలే గీసుకుని ఉంటారు, పక్కన నిలబడి చూసిన పిల్లలు నేర్చుకుని ఉంటారు.

ఆ త్రికోణమే పులిజూదం. మేకా పులీ అని కూడా అంటాం. గీతలు కలిసే చోట్లు 23. ఒకరివి 3 పులులు, ఇంకొకరివి 15 మేకలు. మేకలవాళ్లు వంతుకొకటి చొప్పున మేకలను దింపుతారు. అన్నీ దిగేదాకా ఒక్క మేకనూ జరపకూడదు. ఈలోగా పులులు తిరుగుతూనే ఉంటాయి. మేకకు ఆవల అదే గీతమీద చోటు ఖాళీగా ఉంటే పులి దాన్ని దూకి చంపేస్తుంది. వెనక ఇంకో మేక ఆనుకుని ఉంటే దూకలేదు. మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే మేకలది గెలుపు.

ఎనిమిదేళ్ల పిల్లవాడు రెండు ఆటల్లోనే ఒక సంగతి గ్రహిస్తాడు. విడిగా తిరిగిన మేక చస్తుంది, ఒకదాని వెనక ఒకటి నిలబడిన మేకలు బతుకుతాయి. బలం లేనివాళ్లకు గెలిచే దారి ఏమిటో ఏ పాఠం చెప్పకుండానే చూపించే ఆట ఇది. నేపాల్‌లో దీని చుట్టం ‘బాగ్‌చాల్’లో 4 పులులు, 20 మేకలు ఉంటాయి.

గుంటల్లో లెక్కలు

మండపాల్లో కనిపించే గుంటల వరుసలు వామనగుంటలవి. తమిళులకు ఇది పల్లాంగుళి, కన్నడిగులకు అళిగుళిమణె. ఆఫ్రికాలోనూ రకరకాల పేర్లతో ఈ ఆట ఆడతారు. ఈ కుటుంబాన్నంతా కలిపి పరిశోధకులు మంకాలా ఆటలంటారు. కలిగినవారి ఇళ్లలో దీనికి చెక్కపీట ఉండేది. లేనివారు నేలలో గుంటలు తవ్వుకునేవారు. ఆటలో మాత్రం తేడా ఏమీ ఉండదు.

ఎదురెదురుగా ఇద్దరు కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఏడేసి, మొత్తం 14 గుంటలు. గుంటకు ఐదు చొప్పున వేసుకుంటే 70 చింతగింజలు కావాలి. నాలుగేసి, ఆరేసి వేసుకునే ఇళ్లూ ఉన్నాయి. తన వైపు గుంట ఒకటి ఎంచుకుని గింజలన్నీ తీసి, వరసగా ఒక్కో గుంటలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే ఆ పక్క గుంటలోవి తీసుకుని మళ్లీ సాగాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే అక్కడితో ఆగి, ఖాళీ గుంటను వేలితో తుడిచి, దాని తర్వాత గుంటలో ఉన్నవన్నీ గెలుచుకోవాలి.

వినడానికి ఇంతే. కానీ గింజలు చేతిలోకి తీయకముందే చివరి గింజ ఎక్కడ పడుతుందో, ఆపైన ఏ గుంట చేతికి వస్తుందో మనసులో లెక్క కట్టినవారే గెలుస్తారు. రెండో ఆటకు ఓడినవారి దగ్గర అన్ని గుంటలకూ సరిపడా గింజలు ఉండవు. ఉన్నవాటితో నిండినన్ని గుంటలే నింపుకుని, మిగతావి ఖాళీగా వదిలి ఆడాలి. కూడిక, తీసివేత, భాగహారం అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఏ అమ్మమ్మా దీన్ని లెక్కల పాఠమని చెప్పి ఆడించలేదు. అందుకే పిల్లలు పారిపోలేదు.

చింతగింజ అష్టాచెమ్మాలోనూ ఉంది. సుద్దముక్కతో నిలువు ఐదు, అడ్డం ఐదు గళ్లు గీస్తే పటం తయారు. బయటి చుట్టులో 16 గళ్లు, లోపలి చుట్టులో 8, నడుమ పండే ఇల్లు ఒకటి. నాలుగు గవ్వలు వేసినప్పుడు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. గవ్వలు లేని ఇంట్లో నాలుగు చింతగింజలను అరుగుమీద ఒకవైపే రుద్దేవారు. నల్లపెంకు అరిగి లోపలి తెలుపు బయటపడేసరికి వేళ్లు మండేవి. ఆ మంటే పిల్లలకు ఆటలో మొదటి భాగం. కాయలు గాజుముక్కలో, గులకరాళ్లో, పుల్లలో, ఎవరికి దొరికినవి వారివి. పండడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్న కాయను ఎదుటివారు చంపేస్తే మళ్లీ మొదటి నుంచి రావాలి. కళ్లలో నీళ్లు తిరిగినా ఆట మధ్యలో లేవకూడదు. ఓడిపోవడాన్ని ఇంత చవకగా, ఇంత భద్రంగా నేర్పిన చోటు ఇంకొకటి లేదు.

రాజాస్థానం నుంచి అట్టపెట్టెలోకి

ఈ ఆటలు పేదల అరుగులమీదే ఆగలేదు. అష్టాచెమ్మాలాగే గళ్ల పటంమీద కాయలు నడిపే చౌపడ్ ఆటను అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో వివరించాడు. ఫతేపూర్ సిక్రీ కోటలో దాని చుట్టమైన పచ్చీసు ఆట పటం ముంగిలి నేలమీదే పరిచి ఉంది. అక్బరు మనుషులనే పావులుగా నిలిపి ఆడేవాడని చెబుతారు. మైసూరు పాలకుడు ముమ్మడి కృష్ణరాజ వొడెయరు (1794–1868) పటాల ఆటలమీద ఎంతో శ్రమపడి, కొత్తవి కూర్చి గ్రంథస్థం చేయించాడు.

తెలుగు ఇళ్లలో శివరాత్రి జాగరణకు తోడు వైకుంఠపాళి. మంచి పనులు నిచ్చెనలై పైకి చేరుస్తాయి, చెడు గుణాలు పాములై కిందికి లాగుతాయి. ఇక చేరిపోయామనుకునే చోట పెద్దపాము నోరు తెరుచుకుని ఉంటుంది. దాని నోట పడ్డవారిని చూసి ఇల్లంతా ఘొల్లుమంటే నిద్ర ఎవరికి వస్తుంది? ఈ ఆట 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ చేరి ‘స్నేక్స్ అండ్ ల్యాడర్స్’ అయింది. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాములను తీసేసి జారుడుబల్లలు పెట్టి ‘షూట్స్ అండ్ ల్యాడర్స్’గా అమ్మింది. పచ్చీసు నుంచి పుట్టిన లూడోకు కూడా 19వ శతాబ్దపు చివరి దశాబ్దంలోనే ఇంగ్లండ్‌లో పేటెంట్ ఇచ్చారు. నేలమీద గీతలుగా ఉన్న ఆటలు రంగు అట్టలుగా, పెట్టెల్లో ధర చీటీతో మన దుకాణాలకే తిరిగొచ్చాయి. ఇప్పుడు లూడో ఫోన్‌లో కూడా ఉంది. గవ్వ వేయడానికి చెయ్యి కూడా కదపనక్కర్లేదు, ఎదుటివారి ముఖం చూడనక్కర్లేదు.

పేర్లు మిగిలి, ఆట పోతే

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి (1955) అందుకున్న గ్రంథం. రాజుల యుద్ధాలు పక్కనబెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడుకున్నారు అని కావ్యాలన్నీ గాలించి రాసిన చరిత్ర అది. అందులో ఆయన ఏరి చూపిన ఆటల పేర్లు చదువుతుంటే దిగులు కలుగుతుంది. చాలా వాటికి పేరు మిగిలింది, ఆడే తీరు మిగల్లేదు. పుస్తకంలోకి ఎక్కినంత మాత్రాన ఆట బతకదు. ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడికి నేర్పితేనే బతుకుతుంది. ఒక్క తరం నేర్పడం మానేస్తే చాలు, ఆ తీగ తెగిపోతుంది. మనది ఆ తరం కాకూడదు.

ఆటలు పోవడానికి తప్పంతా ఫోన్‌మీద నెడితే సరిపోదు. అరుగులు పోయాయి, పెరడు పోయింది, మెరిసే టైల్స్‌మీద సుద్దగీత గీస్తే కోప్పడే ఇళ్లు మనవి. అన్నిటికంటే పెద్ద లోటు, పిల్లల ఎదురుగా మఠం వేసుకుని కూర్చునే పెద్దవారు లేకపోవడం. ఏం తోచడం లేదని వచ్చిన పిల్లవాడు అడిగేది చాలావరకు వస్తువును కాదు, తోడును. వస్తువు కొనిచ్చి తోడు ఇవ్వకపోతే రెండో రోజుకే మళ్లీ అదే మాట వస్తుంది.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పని చేయండి. చింతపండు పిసికినప్పుడు వచ్చే గింజలను పారేయకుండా కడిగి ఎండబెట్టి ఒక డబ్బాలో పోయండి. చెక్కపీట లేకపోతే 14 కాగితపు కప్పులు చాలు, డాబామీద సుద్దతో 14 సున్నాలు చుట్టినా చాలు. పులిజూదం పటం పాత క్యాలెండర్ వెనక గీసుకోవచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. మూడేళ్లలోపు పిల్లలకు గింజలూ గవ్వలూ అందకూడదు, గొంతులో అడ్డుపడతాయి. పూర్వం వామనగుంటల్లో వాడిన గురివింద గింజలు అసలే వద్దు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా వాటిలో విషం ఉంది, నమిలితే ప్రాణం మీదికొస్తుంది.

మీరు ఆట మరిచిపోయి ఉంటే ఇంట్లో అమ్మమ్మనో, నాయనమ్మనో, కింది అంతస్తులో పొద్దుపోక కూర్చున్న తాతగారినో అడగండి. నియమాలు ఊరికొక రకంగా ఉంటాయి, మీ ఊరి రకమే నేర్పించుకోండి. వాళ్లు చెప్పింది ఒక కాగితంమీద రాసి పెట్టుకోండి. ఆ తర్వాత ఫోన్ పక్కన పడేసి పిల్లల ఎదురుగా కూర్చుని ఒక్క ఆట పూర్తిగా ఆడండి, మధ్యలో లేవకండి. రెండో ఆటకు రమ్మని వాళ్లే మిమ్మల్ని పిలుస్తారు.