అంతర్జాతీయ ఉపాధ్యాయ నియామక మేళా

అంతర్జాతీయ ఉపాధ్యాయ నియామక మేళా అనగా వివిధ దేశాలలోని అంతర్జాతీయ పాఠశాలల ప్రతినిధులు, ఆ పాఠశాలలలో పనిచేయగోరే ఉపాధ్యాయులు ఒకేచోట కలుసుకొని, రెండు మూడు రోజులలో ఇంటర్వ్యూలు ముగించి నియామకాలు ఖరారు చేసుకొనే సమావేశం. ఇవి సాధారణంగా పెద్ద నగరాలలోని హోటళ్ళలో జరుగుతాయి. ఉద్యోగం ఇవ్వజూపిన పాఠశాలకు జవాబు చెప్పడానికి అభ్యర్థికి తరచు ఒక రోజు, ఒక్కొక్కసారి కొన్ని గంటలు మాత్రమే గడువు ఉంటుంది. ఆ జవాబు మాత్రం సాధారణంగా రెండేళ్ళ ఒప్పందానికీ, కుటుంబమంతా మరొక దేశానికి తరలివెళ్ళడానికీ సంబంధించినది. అందువలన మేళాలో గడిపే రోజుల కంటే అంతకు ముందు చేసుకొనే సన్నాహాలకే ఎక్కువ ప్రాధాన్యం ఉన్నది.

చరిత్ర

నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల ఉద్యోగుల పిల్లల కోసం 1924లో జెనీవాలో అంతర్జాతీయ పాఠశాల ఏర్పడింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత దౌత్య కార్యాలయాలు, చమురు కంపెనీలు, బహుళజాతి సంస్థలు విస్తరించిన కొద్దీ ఇటువంటి పాఠశాలలు అనేక దేశాలలో వెలిశాయి. 1968లో జెనీవాలోనే ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ) సంస్థ ఏర్పడటంతో దేశం మారినా చదువు దెబ్బతినని ఉమ్మడి పాఠ్యప్రణాళిక అందుబాటులోకి వచ్చింది. ఆ పాఠ్యప్రణాళికలను బోధించగలవారు స్థానికంగా తగినంతమంది దొరకకపోవడం వలన పాఠశాలలు దూరదేశాల నుండి ఉపాధ్యాయులను రప్పించుకోవలసి వచ్చింది.

ఈ అవసరాన్ని తీర్చడానికి ప్రత్యేక సంస్థలు పుట్టాయి. అమెరికాలో ఇంటర్నేషనల్ స్కూల్స్ సర్వీసెస్ 1955లో, సెర్చ్ అసోసియేట్స్ 1990లో ప్రారంభమయ్యాయి. అయోవా రాష్ట్రంలోని నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయం 1976లో ప్రారంభించిన మేళా ఈ తరహా మేళాలకు ఆద్యమైనదిగా పేరు పొందింది. 2003లో స్కైప్ వచ్చిన తరువాత దూరం నుండే ఇంటర్వ్యూలు జరపడం క్రమంగా పెరిగింది. 2020లో కోవిడ్-19 వలన మేళాలు కూడా అంతర్జాలానికి మారాయి. ఆ తరువాత ముఖాముఖి మేళాలు తిరిగి మొదలైనప్పటికీ, నియామకాలలో గణనీయమైన భాగం వీడియో ఇంటర్వ్యూల ద్వారానే ముగుస్తున్నది.

మేళా జరిగే తీరు

మేళా మొదటి ఘట్టం పేర్ల నమోదు. విశాలమైన హాలులో ఒక్కొక్క పాఠశాలకు ఒక్కొక్క బల్ల కేటాయిస్తారు. బల్ల వెనుక ఖాళీ పోస్టుల జాబితా అంటించి ఉంటుంది. అభ్యర్థులు బల్లల ముందు వరుసలలో నిలబడి, ప్రతినిధితో ఒకటి రెండు నిమిషాలు మాట్లాడి ఇంటర్వ్యూ సమయాన్ని అడుగుతారు. ఈ ఘట్టం కొద్ది గంటలలోనే ముగుస్తుంది. ఏ వరుసలో ముందు నిలబడాలో తెలియనివారికి ఇష్టమైన పాఠశాల సమయం దొరకకపోవచ్చు.

తరువాత అరగంట నుండి ముప్పావు గంట వరకు సాగే ఇంటర్వ్యూలు జరుగుతాయి. ఇవి చాలా సందర్భాలలో ప్రతినిధులు బస చేసిన హోటలు గదులలోనే జరగడం ఈ మేళాల ప్రత్యేకత. మధ్యమధ్య పాఠశాలలు తమ ఊరు, వసతులు, జీవన పరిస్థితుల గురించి ప్రదర్శనలు ఇస్తాయి. రెండవ ఇంటర్వ్యూ అనంతరం ఉద్యోగం ఇవ్వజూపుతారు.

కాలక్రమం

ఉత్తరార్ధ గోళంలో పాఠశాలలు ఎక్కువగా ఆగస్టులో తెరుస్తారు. వచ్చే ఏడాది కొనసాగుతారో లేదో చెప్పవలసిందిగా ప్రస్తుత ఉపాధ్యాయులను సాధారణంగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య అడుగుతారు. దానినిబట్టి ఖాళీలు తేలుతాయి. అందుచేత ప్రధాన మేళాలు జనవరి ప్రాంతంలో వస్తాయి. మేళాకు హాజరుకాదలచినవారు అంతకు నాలుగైదు నెలల ముందే నిర్వాహక సంస్థలో తమ దస్త్రాన్ని పూర్తిచేసి ఉండాలి.

అర్హతలు, రిఫరెన్సులు

డిగ్రీ, ఉపాధ్యాయ శిక్షణ అర్హత, కనీసం రెండేళ్ళ పూర్తికాలపు బోధనానుభవం సాధారణంగా కోరే అర్హతలు. భారతీయ అభ్యర్థుల విషయంలో బి.ఇడి. శిక్షణ అర్హతగా చెల్లుతుంది. అయితే కొన్ని దేశాలు దానికి అదనంగా తమ దేశపు అనుమతిపత్రాన్ని కోరుతాయి.

రిఫరెన్సులను అభ్యర్థి స్వయంగా తీసుకువెళ్ళే ప్రశంసాపత్రాలుగా కాక, పై అధికారి నేరుగా సంస్థకు పంపే రహస్య నివేదికలుగా స్వీకరిస్తారు. ప్రస్తుత ప్రధానోపాధ్యాయుని నివేదిక లేని దస్త్రాన్ని చాలా పాఠశాలలు పక్కన పెడతాయి. కనుక ఉద్యోగం మారే ఆలోచనను ముందుగా ఆయనకు తెలియజేయడం తప్పనిసరి అవుతుంది. మేళాలో ఉద్యోగం దొరకకపోతే పాత బడిలో స్థానం ఏమవుతుందన్నది కూడా ఆ సమయంలోనే తేల్చుకోవలసిన విషయం.

పిల్లల రక్షణ కోసం అంతర్జాతీయ పాఠశాలల సంస్థలు 2014లో ఒక ఉమ్మడి కార్యదళాన్ని ఏర్పాటు చేశాయి. అప్పటి నుండి అభ్యర్థుల గతచరిత్ర పరిశీలన కఠినమైనది. ఉద్యోగాల మధ్య ఖాళీ నెలలకు కారణం చెప్పడం, నివసించిన ప్రతి దేశం నుండి పోలీసు ధ్రువపత్రం తేవడం మామూలు అయింది.

ధ్రువపత్రాల సమస్య

తెలుగు అభ్యర్థులకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు పేరుకు సంబంధించినది. పదవ తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగాను, పాస్‌పోర్టులో పూర్తిగాను ఉండటం సర్వసాధారణం. ఒక పత్రంలో ఇంటిపేరు ముందు, మరొకదానిలో చివర ఉంటుంది. వివాహానంతరం ఇంటిపేరు మారిన స్త్రీలకు బి.ఇడి. పట్టా ఒక పేరుతో, అనుభవ పత్రం మరొక పేరుతో ఉండవచ్చు. మన ఊరిలో ఎవరూ పట్టించుకోని ఈ తేడా విదేశీ వీసా కార్యాలయంలో ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగా కనిపిస్తుంది. దీనిని సరిదిద్దడానికి వారాలు, నెలలు పట్టవచ్చు గనుక మేళాకు ముందే ఆ పని పూర్తిచేసుకోవడం ఉత్తమం.

ప్రొవిజనల్ సర్టిఫికెట్టుతోనే ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసినవారు విశ్వవిద్యాలయం నుండి అసలు పట్టా తెచ్చుకోవలసి ఉంటుంది. విద్యార్హత పత్రాలను విదేశాలలో చెల్లించుకోవడానికి రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, ఆపైన భారత విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ముద్ర అవసరమవుతాయి. పత్రాల గుర్తింపుకు సంబంధించిన హేగ్ ఒప్పందం భారతదేశం విషయంలో 2005లో అమలులోకి వచ్చింది. భారతదేశంతో ఆ ఒప్పందం అమలులో ఉన్న దేశాలకు అపొస్టీల్ అనే ముద్ర సరిపోతుంది. మిగిలిన దేశాలకు వారి రాయబార కార్యాలయపు ధ్రువీకరణ కూడా కావాలి.

పాఠశాలల ఎంపిక

మేళాకు ముందే పాఠశాలలను మూడు వర్గాలుగా విభజించుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి: తప్పక వెళ్ళదలచినవి, ఆలోచించదగినవి, ఎట్టి పరిస్థితిలోను ఒప్పుకోనివి. ఈ మూడవ జాబితా అన్నింటికంటే ముఖ్యమైనది. ఇంటర్వ్యూ బాగా జరిగిన ఉత్సాహంలో, మరొక అవకాశం రాదేమోనన్న భయంలో అభ్యర్థి ఒప్పుకొనేది చాలాసార్లు ఈ జాబితాలోని పాఠశాలనే. జీవిత భాగస్వామి మేళాకు రాలేకపోతే ఆ మూడు జాబితాలను ఇంటివద్దనే కలిసి నిర్ణయించుకొని, ఆ రెండు మూడు రోజులు ఫోనులో అందుబాటులో ఉండేలా ఏర్పాటు చేసుకుంటారు.

భార్యాభర్తలు ఇద్దరూ ఉపాధ్యాయులైతే పాఠశాలలు మొగ్గు చూపుతాయి. ఒకే ఇంటిలో ఇద్దరు ఉద్యోగులు ఉండటం వలన వసతి ఖర్చు తగ్గడమే దీనికి కారణం. ఒకరే సంపాదిస్తూ ముగ్గురు పిల్లలున్న అభ్యర్థికి, పిల్లల ఉచిత విద్య, విమాన టిక్కెట్ల భారం వలన అవకాశాలు తగ్గుతాయి.

పాస్‌పోర్టు ప్రభావం కూడా ఉన్నది. ఆంగ్లం మాతృభాషగా గల దేశాల పౌరులకే కొన్ని దేశాలు ఆంగ్ల బోధనకు వీసా ఇస్తాయి. కొన్ని పాఠశాలలు ఒకే పనికి జాతీయతను బట్టి వేర్వేరు వేతనాలు చెల్లిస్తాయి. భారతీయ అభ్యర్థి ఈ విషయాన్ని మేళాకు ముందే ఉత్తరం ద్వారా అడిగి తెలుసుకుంటే ప్రయాణ ఖర్చు వృథా కాదు. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల బోధకులకు ఈ అవరోధం కొంత తక్కువ.

ఒప్పందంలో పరిశీలించవలసినవి

వేతనాన్ని విడిగా చూడటం పొరపాటు. ఉదాహరణకు ఒక పాఠశాల నెలకు 2,500 డాలర్లు, ఉచిత వసతి ఇస్తుందనుకుందాం. మరొకటి 3,200 డాలర్లు ఇచ్చి వసతి ఇవ్వదు. ఆ నగరంలో అద్దె 1,000 డాలర్లయితే మొదటి పాఠశాలలోనే నెలకు 300 డాలర్లు ఎక్కువ మిగులుతాయి. పరిశీలించవలసిన ఇతర అంశాలు:

* ఆరోగ్య బీమా కుటుంబానికంతటికీ వర్తిస్తుందా
* పిల్లల చదువు పూర్తిగా ఉచితమా, రాయితీ మాత్రమేనా
* ఏటా స్వదేశానికి విమాన ఖర్చు ఇస్తారా
* వారానికి ఎన్ని పీరియడ్లు, ఏయే తరగతులు
* మధ్యలో మానుకుంటే ఎంత నష్టపరిహారం చెల్లించాలి
* తల్లిదండ్రుల అనారోగ్యం వంటి కారణాలకు సెలవు నిబంధనలు ఏమిటి

ఒప్పుకొన్న తరువాత మాట తప్పిన అభ్యర్థులను నిర్వాహక సంస్థలు తమ జాబితా నుండి తొలగించవచ్చు. అంతర్జాతీయ పాఠశాలల ప్రధానోపాధ్యాయులు చాలామంది ఒకరికొకరు పరిచయస్తులు. అందువలన ఒక దేశంలో విరమించుకున్న ఒప్పందం మరొక దేశంలో అడ్డురావచ్చు.

మోసాల పట్ల జాగ్రత్త

కొన్ని మేళాల నిర్వాహకులు అభ్యర్థుల నుండి నమోదు రుసుము తీసుకుంటారు. ఉద్యోగం ఇచ్చినందుకు ఉపాధ్యాయుని నుండి సొమ్ము అడగడం మాత్రం పేరున్న పాఠశాలల పద్ధతి కాదు. ఇంటర్వ్యూ లేకుండా నియామక పత్రం పంపడం, వీసా ఖర్చుల పేరిట వ్యక్తిగత ఖాతాకు డబ్బు కోరడం మోసానికి గుర్తులు. 1983 నాటి భారత వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి.

ఫలితం

మేళా నుండి ఉద్యోగం లేకుండా తిరిగివచ్చేవారు కూడా ఉంటారు. ఆ తరువాతి నెలలలో కొత్త ఖాళీలు ఏర్పడినప్పుడు, మేళాలో కలిసిన ప్రతినిధులే వారిని పిలిచే అవకాశం ఉన్నది. ఇంటర్వ్యూ చేసిన ప్రతి పాఠశాలకు కృతజ్ఞతాపూర్వకంగా ఒక చిన్న ఉత్తరం రాయడం ఇందుకే ఆనవాయితీ అయింది.