బంగ్లా చొక్కా, సావర్ బిల్డింగ్

పోయిన ఎపిసోడ్‌లో దేశాల మధ్య పన్నులు తీసేస్తే పేదరికం తగ్గుతుందా అని వాదించుకున్నాం కదా. టైం సరిపోక నేను బంగ్లాదేశ్ సంగతి మధ్యలోనే వదిలేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

మా సైట్‌లో రాడ్ కట్టేవాళ్లలో సగం మంది బంగ్లా వాళ్లే. చాలామంది ఇళ్లల్లో అక్కో చెల్లెలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆ ఫ్యాక్టరీలు అక్కడికి ఊరికే రాలేదు. 1974లో పెద్ద దేశాలు ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు కొనాలో కోటాలు పెట్టాయి. కొరియాకి కోటా అడ్డొచ్చింది, బంగ్లాదేశ్‌కి అప్పటికి ఆ అడ్డు లేదు. అందుకని కొరియా కంపెనీ దేవూ 1979లో అక్కడి దేశ్ గార్మెంట్స్‌తో కలిసి, 130 మందిని కొరియా తీసుకెళ్లి పని నేర్పించింది. వాళ్లలో ఎక్కువమంది కొన్నేళ్లకే బయటికొచ్చి వేరే ఫ్యాక్టరీలు నిలబెట్టారు. ఒక మేస్త్రీ దగ్గర నేర్చుకుని పదిమంది మేస్త్రీలైనట్టే.

2001లో యూరోపియన్ యూనియన్ బాగా వెనకబడిన దేశాల సరుకు మీద, ఆయుధాలు తప్ప, పన్ను ఎత్తేసింది. కానీ గుడ్డ బయటి నుంచి తెస్తే ఆ మినహాయింపు అంత తేలిగ్గా దొరికేది కాదు. 2011లో ఆ మెలిక కూడా సడలించారు. ఎక్కడి గుడ్డయినా తెచ్చి, కుట్టి పంపొచ్చు. ఆర్డర్లు పోటెత్తాయి.

పేదరికం తగ్గింది, అది నిజం. 1990ల మొదట్లో నూటికి సగం మందికి పైగా పేదలు, 2010కి దాదాపు 31 మంది. అంతా బట్టల పుణ్యమే అనను. పొలాలున్నాయి, గల్ఫ్ నుంచి మావాళ్లు పంపే డబ్బూ ఉంది.

ఇక రాణా ప్లాజా. సావర్‌లో షాపులకని కట్టిన బిల్డింగ్ అది. పై అంతస్తులు పర్మిషన్ లేకుండా లేపి, ఐదు గార్మెంట్ ఫ్యాక్టరీలు పెట్టారు. పైన జనరేటర్లు. ఆన్ చేస్తే బిల్డింగంతా అదురుతుంది. ఆ అదురు, ఆ బరువు పిల్లర్ల లెక్కలో ఉండదు. 2013 ఏప్రిల్ 23న పగుళ్లు కనపడ్డాయి. కింది బ్యాంకు, షాపులు మూసేశారు. కుట్టేవాళ్లని మాత్రం తెల్లారి మళ్లీ లోపలికి పంపారు. 1,134 మంది పోయారు.

పగులు చూసి పని ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకసారి బీమ్‌లో క్రాక్ చూసి మనుషుల్ని దింపేస్తే, క్షేమమా అని అడగకుండా షెడ్యూల్ సంగతేంటని ఫోనొచ్చింది. పన్ను మినహాయింపు రూల్‌లోనూ అంతే. గుడ్డ ఎక్కడిదని అడిగారు గానీ ఏ బిల్డింగ్‌లో కుట్టారని అడగలేదు. ఆ తర్వాతే పెద్ద బ్రాండ్లు ఒప్పందం మీద సంతకాలు పెట్టి ఇంజనీర్లని పంపాయి. కనీస జీతం 3,000 టాకాల నుంచి 5,300 అయింది.

మా రాడ్ ఫిట్టర్ ఒకాయన చెల్లెలు ఆ రోజు సావర్‌లోనే, వేరే ఫ్యాక్టరీలో ఉంది. మధ్యాహ్నం దాకా ఫోన్ కలవలేదట. ఇప్పటికీ కుడుతూనే ఉంది. ఆమె జీతంతో ఊళ్లో రేకులు తీసి స్లాబ్ వేస్తున్నారు. మొన్న ఫోటో చూపించి, "సార్, ఈ పిల్లర్ సరిపోతుందా?" అని అడిగాడు. సరిపోదని చెప్పా.