రేపటి నరకమూ – మన యువపాఠకులూ

అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో కొద్దిరోజులపాటు ఉదయపు కిరణాలు గుడి లోపలిదాకా సాగి సూర్యవిగ్రహం పాదాలను తాకుతాయి. సూర్యగమనాన్ని రాతికట్టడంలో యిమిడ్చిన స్థపతుల నేర్పు అది. జనం మాత్రం మహిమ అంటారు. మనిషి పనిని మరపించి మహిమను నిలిపే యీ అలవాటు మన బాలసాహిత్యంలోనూ వున్నది.

1947లో పుట్టిన 'చందమామ'లో, 1954 నాటి 'తోకచుక్క' మొదలుకొని, దాసరి సుబ్రహ్మణ్యంగారు రాసిన ధారావాహికల కోసం పిల్లలు నెలనెలా యెదురుచూశారు. వాటిలో వేగమున్నది, సాహసమున్నది. కాని అక్కడ దుష్టుడు తరచు మాంత్రికుడే. వాడు చస్తే లోకం బాగుపడుతుంది. వాడి కోట కట్టిన కూలీలెవరో, ఆ కోటకు గింజలు యే వూరినుంచి వచ్చాయో పాఠకుడికి తెలియదు. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' మనల్ని కాలయంత్రమెక్కించి 2504వ సంవత్సరం చూపించింది: మూడవ ప్రపంచయుద్ధం ముగిసింది, అణుధార్మికతకు వెరచి మనుషులు భూగర్భంలో బతుకుతున్నారు. అది తెలుగు తెరకు కొత్త దృశ్యమే. అయితే ఆ యుద్ధం యెవరి లాభానికి జరిగిందన్న ప్రశ్న జోలికి సినిమా పోదు.

ఇంగ్లీషులో యీ ప్రశ్న పిల్లల నవలల్లోకే వచ్చింది. జాన్ క్రిస్టఫర్ 1967–68లో మూడు భాగాలుగా రాసిన 'ట్రైపాడ్స్'లో, పరలోకపు ప్రభువులు పద్నాలుగేళ్లు నిండిన ప్రతి పిల్లవాడి తలకూ లోహపు టోపీ బిగిస్తారు. ఆ తర్వాత వాడికి తిరుగుబాటు ఊహే రాదు. మొదటి రెండు భాగాలూ వెలువడిన ఆ 1967లోనే, అక్టోబరు 31న, అప్పటి మన జిల్లాలోని లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్నలు హతులయ్యారు. ఆ ఏజెన్సీలో టోపీ పని అప్పు చేసేది. దాన్ని ఊడదీయబూనుకున్న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం యిద్దరూ బడిపంతుళ్లే. వారి మార్గంపై వాదాలున్నాయి, వుంటాయి. కాని కుర్రకారు చదివే సాహసగాథలో బడిపంతులు యెన్నడు నాయకుడయ్యాడు?

ఇక సుజాన్ కాలిన్స్ రాసిన 'హంగర్ గేమ్స్' (2008–2010). రాజధానికి పన్నెండు జిల్లాలు లోబడి వుంటాయి. ఒకటి బొగ్గు తవ్వుతుంది, ఒకటి చేపలు పడుతుంది, ఒకటి పంట పండిస్తుంది. యేటా ప్రతి జిల్లానుంచీ పన్నెండు మొదలు పద్దెనిమిదేళ్ల వయసులోని ఒక బాలుణ్ణీ బాలికనూ చీటీ తీసి, మొత్తం 24 మందిని ఒకరినొకరు చంపుకొనేందుకు వదులుతారు. ఈ నవలకు ప్రాణం ఒక చిన్న నియమంలో వున్నది. గింజలూ నూనే అదనంగా కావాలంటే చీటీల్లో పేరు అదనంగా వేయించుకోవాలి. అంటే పేదవాడికి చావు యెక్కువసార్లు రాసిపెట్టి వుంటుంది, అదీ చట్టబద్ధంగా! ఉత్పత్తి సంబంధాల మీద మనం గంటసేపు చెప్పే ఉపన్యాసాన్ని ఆమె ఒక్క పేజీలో ముగించింది.

కాని మూడో భాగంలో ఆమె వెనుకంజ వేసింది. తిరుగుబాటు నాయకురాలు రాజధాని పిల్లలతో అవే పోటీలు పెట్టబోతుంది. కథానాయిక బాణం ఆమెకే తగులుతుంది. అధికారం చేజిక్కిన విప్లవకారులు పాత కొరడానే పట్టుకోవడం చరిత్రలో లేకపోలేదు; ఆ హెచ్చరిక మనకూ అవసరమే. నా అభ్యంతరం వేరు. బొగ్గు తవ్వినవారూ, చేపలు పట్టినవారూ గుంపుగానే మిగిలిపోయారు. నాయిక యిల్లు చేరింది, కథ ముగిసింది.

ఆ మూడో భాగం 2010 ఆగస్టులో వచ్చింది. అంతకు నెల ముందే, జూలై 14న, సోంపేటలో థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడ బాణం పట్టిన నాయిక లేదు. బీలలో చేపలు పట్టేవారూ, దాని నీటితో పంట పండించుకొనేవారూ కలిసి అడ్డం నిలిచారు. ప్రాణాలు పోయాయి. ఆ రోజే పర్యావరణ అప్పీళ్ల సంస్థ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది! 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు.

అరసవల్లి వున్న యీ జిల్లాలోనే, రణస్థలం మండలం కొవ్వాడ తీరాన, ఒక్కొక్కటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కట్టాలన్న ప్రతిపాదన వున్నది. 'ఆదిత్య 369' వదిలేసిన ప్రశ్నను యెవరైనా తెలుగులో పిల్లల ధారావాహికగా అందుకోదలిస్తే, మొదటి ప్రకరణానికి కావలసిన సామగ్రి ఆ వూళ్ల భూసేకరణ కాగితాల్లోనే దొరుకుతుంది.