కాగితపు నక్షత్రం చెప్పిన పాఠం

 

మన బడి యాభై ఏళ్ల పండుగ సంచికలో యాభై ఏళ్ల పండుగ చేసుకున్న మరో బడి సంగతి చెబుతాను. అది నేటి జర్మనీ తూర్పు అంచున, పోలండ్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న నీస్కీ అనే చిన్న ఊరిలోని మగపిల్లల పాఠశాల. 1821 జనవరిలో ఆ బడి అర్ధశతాబ్ది ఉత్సవం జరిగినప్పుడు కాగితంతో చేసిన ఒక పెద్ద నక్షత్రాన్ని దీపం పెట్టి వెలిగించారు. దానికి 110 మొనలు. ఇవాళ క్రిస్మస్ రోజుల్లో ఎన్నో దేశాల్లో ఇళ్ల ముందు, చర్చిల్లో వేలాడే ‘మొరావియన్ నక్షత్రం’ గురించి దొరికే తొలి ప్రస్తావన అదే. ఒక పండుగ అర్థాన్ని పిల్లలకు ఎలా చెప్పాలి అన్న ప్రశ్నకు ఆ బడి ఇచ్చిన జవాబు నాకు ఎప్పుడూ ఆసక్తిగానే ఉంటుంది. ఇంజనీరుని కాబట్టి ఇంకొంచెం ఎక్కువగా.

ఆ బడి మొరావియన్ సంఘానిది. ఆ సంఘం మూలాలు నేటి చెక్ దేశంలోని బొహీమియా, మొరావియా ప్రాంతాల్లో ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో మతపరమైన అణచివేత వల్ల వాళ్లు చెల్లాచెదురయ్యారు. అలా దేశం విడిచి వెళ్లినవారిలో ఆ సంఘం బిషప్ కొమీనియస్ (1592–1670) ఒకరు. మన ఉపాధ్యాయులకు ఈ పేరు కొత్త కాదు, బి.ఎడ్. చదివినవారంతా విన్నదే. పిల్లవాడికి మాట కంటే ముందు వస్తువు చూపించాలి, కంటికీ చేతికీ అందినదే బుద్ధికి అందుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. 1658లో బొమ్మలతో ఆయన అచ్చువేయించిన పాఠ్యపుస్తకం యూరప్ బడుల్లో తరాల పాటు నడిచింది.

ఆ సంఘంవారి వారసులు కొందరు 1722లో జర్మనీలో జిన్‌జెన్‌డోర్ఫ్ ప్రభువు భూముల్లో ఆశ్రయం పొంది హెర్న్‌హూట్ అనే ఊరు కట్టుకున్నారు. పదేళ్లకే, 1732లో, అక్కడి నుంచి మిషనరీలు సముద్రాలు దాటి బయలుదేరారు. వాళ్ల పిల్లలు బడి ఈడుకు రాగానే వెనక్కి వచ్చి హాస్టళ్లలో చదువుకోవలసి వచ్చేది. ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టే కాలం. అమ్మానాన్నలు దగ్గర లేకుండా క్రిస్మస్ గడిపే ఆ పిల్లలకు పండుగ అర్థం ఏమని చెప్పాలి?

ఈ ప్రశ్నకు తొలి జవాబు నక్షత్రం కంటే ముందే, ఒక చిన్న కొవ్వొత్తి రూపంలో వచ్చింది. 1747 డిసెంబరు 20న మారియెన్‌బోర్న్ అనే చోట పిల్లల కోసం క్రిస్మస్ ఆరాధన జరిగింది. నడిపించినవారు జిన్‌జెన్‌డోర్ఫ్ అల్లుడు, బిషప్ యోహానెస్ ఫాన్ వాట్టెవిల్. యేసు పుట్టుక వల్ల మనిషి గుండెలో ఒక చిన్న మంట వెలిగిందని, అది ఆరిపోకుండా కాపాడుకోవాలని ఆయన పిల్లలకు చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. ఒక్కొక్కరికీ ఎర్ర రిబ్బను కట్టిన కొవ్వొత్తి వెలిగించి చేతికిచ్చారు. వెలుగు క్రీస్తు, ఎరుపు ఆయన చిందించిన రక్తం. ఆ రాత్రి తమ గదులకు వెళ్లిన పిల్లల్లో ప్రసంగం ఎందరికి గుర్తుందో కానీ, చేతిలో దీపం ఆరకుండా అరచెయ్యి అడ్డుపెట్టుకోవడం మాత్రం అందరికీ గుర్తుండే ఉంటుందని నా ఊహ.

నక్షత్రం ఆ దారిలోనే వచ్చింది. బైబిల్లో మత్తయి సువార్త ప్రకారం తూర్పు దేశపు జ్ఞానులకు శిశువు దగ్గరికి దారి చూపింది ఒక నక్షత్రం. కథ పిల్లలందరికీ తెలిసిందే. నీస్కీ బడిలో దాన్ని లెక్కల పాఠంగా మార్చారని అంటారు. ఘనాకృతులు అర్థం కావడానికి విద్యార్థుల చేత అట్టలు కత్తిరించి, మడిచి, అంటించి నక్షత్రాలు చేయించేవారు. క్రమంగా అది హాస్టళ్ల ఆచారమైంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలం మొదలవగానే పిల్లలు కూర్చుని నక్షత్రం తయారుచేసేవారు. జ్ఞానుల రాకను తలచుకునే జనవరి 6 దాకా అది వెలిగేది.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. ఇప్పుడు ఎక్కువగా కనిపించే నక్షత్రానికి లోపలి ఆకారం 18 చతురస్రాలు, 8 సమబాహు త్రిభుజాలు కలిసిన ఘనం. మొత్తం 26 ముఖాలు, 24 శీర్షాలు, 48 అంచులు. బడిలో నేర్చుకున్న ఆయిలర్ సూత్రం వేసి చూడండి: 24 నుంచి 48 తీసేసి 26 కలిపితే 2. సరిపోయింది. ఒక చతురస్రాన్ని దీపానికీ తాడుకూ వదిలేసి మిగిలిన ముఖాల మీద మొనలు నిలబెడతారు. నాలుగు పక్కల మొనలు 17, మూడు పక్కల మొనలు 8, మొత్తం 25. అంటే 92 త్రిభుజాకార కాగితపు పక్కలు. అడుగు కొలతలో తేడా వస్తే మొన ముఖం మీద సరిగా కూర్చోదు, సందుల్లోంచి వెలుతురు కారుతుంది. ఒక్క పిల్లవాడు ఒక్క పూటలో చేయగలిగే పని కాదు. నలుగురు కూర్చుంటే, ఒకరు కత్తిరిస్తుంటే మరొకరు అంటిస్తుంటే, పక్కన పెద్దవాళ్లెవరో జ్ఞానుల కథ చెబుతుంటే, అప్పుడు పూర్తవుతుంది. పండుగ అర్థం ఆ కూర్చోవడంలోనే సగం అందుతుంది.

ఆ బడి పూర్వ విద్యార్థి పీటర్ వెర్బీక్ 1880 ప్రాంతంలో తన పుస్తకాల దుకాణంలో ఈ నక్షత్రాలనూ, వాటిని చేసుకునే పద్ధతి రాసిన కాగితాలనూ అమ్మడం మొదలుపెట్టారు. ఆయన కుమారుడు హెర్న్‌హూట్‌లో కర్మాగారమే పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం చివర దెబ్బతిని, 1950లలో కొంతకాలం తూర్పు జర్మనీ ప్రభుత్వం చేతికి వెళ్లి, మళ్లీ సంఘానికి చెందిన సంస్థ చేతికొచ్చి, ఆ కర్మాగారం ఇప్పటికీ నడుస్తోంది. బడిలో నేర్చుకున్న చేతిపనిని ఒక పూర్వ విద్యార్థి లోకానికి అందించడం మన సంఘ సభ్యులందరం గర్వంగా తలచుకోదగిన విషయమే. కానీ ఇందులో ఒక నష్టం కూడా ఉంది. కొన్న నక్షత్రం చక్కగా వెలుగుతుంది, కథ మాత్రం దానంతట అది చెప్పదు.

కొవ్వొత్తి ఆచారం ఇంగ్లండులో 1968లో కొత్త రూపం ఎత్తింది. అనాథ, నిరుపేద పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ దాన్ని చర్చిల్లోకి తెచ్చింది. పిల్లల చేతికి ఇచ్చేది ఒక నారింజపండు, అది ప్రపంచం. చుట్టూ ఎర్ర రిబ్బను. పైన కొవ్వొత్తి. గుచ్చిన నాలుగు పుల్లలకు ఎండుద్రాక్షలు, మిఠాయిలు, అవి నాలుగు రుతువులు, భూమి ఇచ్చే పంట. ప్రతి వస్తువుకూ ఒక మాట ఉంది. ఆ మాట చెప్పకపోతే అది తినే నారింజపండే.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. బొమ్మల కొలువు పేర్చే అమ్మమ్మ ఒక్కో మెట్టు మీద ఒక్కో బొమ్మ పెడుతూ దాని కథ చెప్పేది. మన ఊళ్లలో డిసెంబరు వస్తే క్రైస్తవ మిత్రుల ఇళ్ల మీద వెదురుబద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టిన అయిదు మొనల నక్షత్రాలు లేచేవి. కాగితం అంటించే పని దొరికితే ఏ మతం పిల్లలమైనా పరిగెత్తేవాళ్లం. అది ఎందుకు కడతారో ఆ ఇంటి తాతగారు చెబితే వినేవాళ్లం. వినడంతో మా నమ్మకాలు మారలేదు, పక్కింటివాళ్ల నమ్మకం ఏమిటో తెలిసింది. నీస్కీ బడిలో పిల్లలంతా ఒకే విశ్వాసం వాళ్లు. మన బడి అలాంటిది కాదు. అందుకే ఇక్కడ పండుగ అర్థం చెప్పడమంటే మతం బోధించడం కాదు, పక్క బెంచీ పిల్లవాడి ఇంట్లో దీపం ఎందుకు వెలిగిందో తెలియజేయడం.

ఇప్పుడు బడుల్లో పండుగలకు లోటు లేదు. ఎర్రటోపీలు, వేషాలు, సెల్‌ఫోన్ ఫొటోలు అన్నీ ఉన్నాయి. ఆ రోజు ఎవరి పుట్టుకను తలచుకుంటున్నారో, పశువుల తొట్టి ఎందుకో, చుక్క ఎందుకో అడిగితే చాలామంది పిల్లలు నీళ్లు నములుతారు. ఉగాది, రంజాన్ విషయంలోనూ అంతే.

మన సంఘం ఈ ఏడాది బడికి కంప్యూటర్లు, బెంచీలు ఇవ్వాలని ఆలోచిస్తోంది. మంచిదే. వాటితోపాటు చిన్న ప్రతిపాదన ఒకటి. ప్రతి పెద్ద పండుగకు ముందు ఒక శనివారం మధ్యాహ్నం, ఆ పండుగ చేసుకునే కుటుంబానికి చెందిన పూర్వ విద్యార్థి ఒకరు బడికి రావాలి. అట్టలు, కత్తెర, మైదాజిగురు, రెండు గంటల సమయం ఉంటే చాలు. పిల్లల చేత ఒక వస్తువు చేయించాలి, చేయిస్తూ దాని కథ చెప్పాలి. డిసెంబరులో 25 మొనల నక్షత్రానికి కొలతలు గీసిచ్చే పని నాది. కథ చెప్పడానికి మన క్రైస్తవ మిత్రులు ఒకరు ముందుకు రావాలని కోరుతున్నాను.