లెక్క ఉన్న బంధం: అనంతపురం కరువు సీమలో లాక్‌డౌన్ నాటి సామూహిక జీవనం

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. శార్వరి నామ సంవత్సరం మొదలైన ఆ రోజే కొవిడ్ కట్టడికి దేశవ్యాప్త లాక్‌డౌన్ కూడా మొదలైంది. పంచాంగం వినడానికి గుడి దగ్గర చేరాల్సిన జనం ఇళ్ళలోనే ఉండిపోయారు. వారపు సంతలు ఆగాయి, పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి, బెంగళూరు బస్సులు నిలిచిపోయాయి. ఆ కాలపు మానవ సంబంధాల గురించి సాగిన చర్చ ఎక్కువగా నగరాల చుట్టూనే తిరిగింది: గదిలో ఒంటరితనం, ఫోనులో పలకరింపు, వీడియోలో పేరంటం. అనంతపురం పల్లెలను అర్థం చేసుకోవడానికి ఆ చర్చ సరిపోదు. ఆంక్షల కాలంలో ఇక్కడి జనాన్ని కలిపి ఉంచినవి అప్పటికప్పుడు పుట్టిన బంధాలు కావు. దశాబ్దాల కరువు అలవాటు చేసిన పని సంబంధాలే ఆ పని చేశాయి. నెలనెలా పొదుపు లెక్క చూసుకోవడం, ఒకే గుంపుగా ఉపాధి పనికి పోయి కొలతలు వేయించుకోవడం, చేబదులు ఇచ్చి గుర్తుపెట్టుకోవడం వంటివి ఆ సంబంధాలు. లెక్క ఉన్నచోట బంధం నిలిచింది. అభిమానం మీద మాత్రమే ఆధారపడిన చోట అదే ఊరు సొంత మనిషికే ముళ్ళకంప అడ్డం వేసింది. ఈ వ్యాసం నిరూపించదలచినది ఇదే.

ముందు నేల సంగతి. ఇక్కడ చర్చించేది 2020 నాటి 63 మండలాల ఉమ్మడి అనంతపురం జిల్లా; శ్రీ సత్యసాయి జిల్లా దాని నుంచి విడివడింది 2022 ఏప్రిల్ 4న. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదును తప్పి కురవడం, ఎర్రనేలల్లో వేరుశనగ మీదే ఆశ పెట్టుకున్న సేద్యం, పంట పోతే బెంగళూరుకో కేరళకో వలస. ధాత కరువుగా జనం చెప్పుకునే 1876–78 నాటి క్షామం నుంచి, విద్వాన్ విశ్వం కావ్యం ‘పెన్నేటి పాట’కు నేపథ్యమైన లేమి, 1950ల తొలినాళ్ళ గంజి కేంద్రాల దాకా ఈ సీమ చరిత్ర సాయం కోసం వరుసలో నిలబడిన చరిత్ర కూడా. అయితే గంజి కేంద్రం ముందు నిలబడ్డవాళ్ళ మధ్య ఏర్పడే సంబంధం ఆ పూటతో ముగుస్తుంది. ఆ తరవాతి కాలంలో వచ్చిన సంస్థల తీరు వేరు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ), చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, వాటికి సమాంతరంగా ప్రభుత్వం పెంచిన డ్వాక్రా మహిళా పొదుపు సంఘాలు జనాన్ని సాయం అందుకునే చేతులుగా చూసి ఊరుకోలేదు. నెలకోసారి కూర్చుని తీర్మానం రాసుకునే సభ్యులుగా మార్చాయి. నా దృష్టిలో గత యాభై ఏళ్ళలో ఈ జిల్లాలో జరిగిన అతి పెద్ద మార్పు ఇదే. బోర్లు, డ్రిప్ పైపులు దీని తరవాతే.

పొదుపు సంఘాన్నే తీసుకుందాం. పదిమంది, మహా అయితే పదిహేనుమంది ఆడవాళ్ళు ఉంటారు. పైన గ్రామైక్య సంఘం, ఆపైన మండల సమాఖ్య. పుస్తకాలు రాయడానికి యానిమేటర్. ఎవరి ఇంట్లో ఎవరు జబ్బుతో ఉన్నారో, ఎవరి కొడుకు బెంగళూరులో ఏ పనిలో ఉన్నాడో, ఏ ఇంట్లో ఈ నెల కంతు కట్టడానికి డబ్బు లేదో సంఘానికి ముందే తెలుసు. తెలియకపోతే లెక్క నడవదు. లాక్‌డౌన్‌లో ఈ తెలివిడే అక్కరకు వచ్చింది. రాష్ట్రంలో ఒక్కొక్కరికి మూడేసి మాస్కులు ఇవ్వాలని 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం నిర్ణయించినప్పుడు ఆ కోట్ల మాస్కుల కుట్టుపని మహిళా సంఘాలకే వెళ్ళింది. రవాణా ఆగి అరటి తోటల్లోనే మాగిపోతుంటే, ప్రభుత్వం కొన్న పండ్లను పట్టణాల్లో ఇళ్ళ ముంగిటకు చేర్చి అమ్మిందీ ఆ సంఘాల ఆడవాళ్ళే. పుట్లూరు, నార్పల ప్రాంతాల్లో అరటి సాగుచేసే రైతుల కష్టం ఎంతటిదో తెలిసినవారికి ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. ఏప్రిల్ 24న రాష్ట్ర ప్రభుత్వం సున్నా వడ్డీ పథకం కింద సుమారు రూ.1,400 కోట్లు సంఘాల ఖాతాల్లో వేసింది. అంత సొమ్ము ఆ నిర్బంధంలోనూ సభ్యుల దాకా చేరే దారి అప్పటికే సిద్ధంగా ఉండడం గమనించాల్సిన విషయం. వీటన్నిటినీ ఆర్థిక కార్యక్రమాలుగా చూడడం పరిపాటి. కానీ మాస్కు గుడ్డ పంచుకోవడానికి దూరందూరంగానైనా కూర్చున్న నలుగురు ఆడవాళ్ళకు ఆ వారంలో ఇల్లు దాటి దొరికిన మనుషుల తోడు అదే. పని అనే సాకు లేకపోతే ఆ కలయికకు ఇంట్లోవాళ్ళూ ఒప్పుకునేవారు కారు, పోలీసులూ ఒప్పుకునేవారు కారు.

ఉపాధి హామీ పనిదీ ఇదే కథ. ఈ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. ఇక్కడి జనం దాన్ని నేటికీ ‘కరువు పని’ అనే అంటారు. లాక్‌డౌన్ మొదట్లో మందగించిన పనులకు 2020 ఏప్రిల్ 20 నుంచి కేంద్రం దూరం పాటించే షరతుతో అనుమతి ఇచ్చింది; మే నెలలో దేశం మొత్తానికి అదనంగా రూ.40,000 కోట్లు ప్రకటించింది. ఆ ఏడు రాష్ట్రంలో రోజుకూలి రూ.237. ఊళ్ళో రచ్చకట్ట మీద నలుగురు కూర్చోవడం నేరమైన రోజుల్లో, గుట్టవారన కందకం తవ్వుతూ మనిషికీ మనిషికీ మధ్య గజాల దూరంలో నిలబడి గొంతెత్తి మాట్లాడుకోవడం చట్టబద్ధమైంది. వలస నుంచి తిరిగి వచ్చినవారికి ఈ గుంపుల్లో చోటు దొరకడం మరీ ముఖ్యం. పద్నాలుగు రోజుల క్వారంటైన్ ముగిసినా ఊరి అనుమానం ముగియదు. పక్కపక్కనే మట్టి ఎత్తి, ఒకే కొలతలో పేరు రాయించుకుంటేనే ఆ అనుమానం మెల్లగా తగ్గుతుంది.

దీనికి ఎదురుగా తెగిపోయిన బంధాలనూ చూడాలి. అవి చూడకపోతే వాదన ఏకపక్షమవుతుంది. ధర్మవరంలో పట్టుచీర నేసే కుటుంబాలు వీధులకు వీధులే ఉన్నాయి. పక్క మగ్గం చప్పుడు వినిపించేంత దగ్గరితనం వారిది. అయినా వేసవి పెళ్ళిళ్ళ గిరాకీ పోయి మగ్గాలు ఆగినప్పుడు ఆ దగ్గరితనం చాలామందికి ఆధారం కాలేకపోయింది. కూలి నేతగాడికి నూలు, కూలి, అప్పు అన్నీ ఒక్క సావుకారు దగ్గరినుంచే రావాలి. ఆ ఒక్క పోగు తెగితే పక్కింటి నేతగాడితో పంచుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ ఉండదు. పండుగలదీ అంతే. రాయలసీమలో పీర్ల పండుగకు హిందువులూ ముస్లిములూ కలిసి నడుస్తారు. ఆ పండుగకు పేరుపొందిన గూగూడు కుళ్ళాయిస్వామి పేరు వినని ఊరు ఈ జిల్లాలో ఉండదు. కానీ ఢిల్లీ మర్కజ్‌లో జరిగిన మతసమావేశం నుంచి కొవిడ్ వ్యాపించిందన్న వార్తల తరవాత ముస్లిములపై అనుమానం పెరిగిన ఏప్రిల్ నెలలో, హిందూపురంలో కేసులు వచ్చి వీధులకు బారికేడ్లు పడిన రోజుల్లో, ఏడాదికోసారి వచ్చే ఆ కలయిక అందుబాటులో లేదు. మొహర్రం పదో రోజు ఆ ఏడు ఆగస్టు 30న వచ్చింది. అప్పటికీ జనం గుమికూడడానికి వీల్లేదు. పండుగ బంధం గొప్పదే, సందేహం లేదు. నిత్యం పనిచేసే ఏర్పాటు తోడుగా లేకపోతే ఆపద వేళకు అది చేతికి అందదు.

ఈ వాదనపై మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది కులం గురించి. ఊరి ఐక్యత అనగానే ఎవరి ఐక్యత అని అడగాల్సిందే. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పల్లెలు పొలిమేరల్లో కంప నరికి దారికి అడ్డం వేశాయి. ఆ కంచె బయట ఆగిపోయినవాళ్ళు ఎక్కువగా కూలికి వలసపోయిన పేదలు, అందులోనూ దళితులు. రాజనీతి శాస్త్రవేత్త డానియల్ ఆల్డ్రిచ్ 2012లో ప్రచురించిన గ్రంథంలో టోక్యో, కోబే భూకంపాలు, తమిళనాడు సునామీ వంటి ఘటనలను పరిశీలించి, విపత్తు నుంచి కోలుకోవడంలో డబ్బుకన్నా మనుషుల మధ్య సంబంధాలే కీలకమని వాదించారు. తమిళనాడు తీరంలో గట్టి కులపంచాయతీలున్న ఊళ్ళకు సాయం త్వరగా అందినా, దళితులు, వితంతువులు అందులోంచి జారిపోయారనీ ఆయనే చూపించారు. అనంతపురానికి ఈ హెచ్చరిక పూర్తిగా వర్తిస్తుంది. అందుకే నేను ‘ఊరు’ను, ‘సంఘం’ను వేరుగా చూస్తున్నాను. ఊరికి హద్దు ఉంది, సభ్యత్వ పుస్తకం లేదు. ఎవరు లోపలివాళ్ళో పెత్తందార్లు తేలుస్తారు. సంఘంలో పేరు రాసి ఉంటుంది. చాలా సంఘాలు ఒకే కులం వాళ్ళతో ఏర్పడ్డాయన్న మాట నిజం. అయినా ఎస్సీ కాలనీ సంఘం కూడా అదే గ్రామైక్య సంఘంలో కూర్చుంటుంది, అదే లెక్క అడుగుతుంది. కులం పోదు. అడిగే హక్కు మాత్రం కాగితం మీదికి వస్తుంది. ఆపదలో ఆ తేడా చిన్నది కాదు.

రెండో అభ్యంతరం: ఇదంతా ప్రభుత్వం చేసిన పని, సమాజం చేసింది ఏముంది? లాక్‌డౌన్‌లో యాభై ఇళ్ళకు ఒక గ్రామ వాలంటీరు ఇంటింటికీ తిరిగి జ్వరాల వివరాలు సేకరించారు, పింఛను గుమ్మంలో ఇచ్చారు, 2020 ఏప్రిల్ 4న రేషన్ కార్డుదారులకు వెయ్యి రూపాయలు అందజేశారు. వారి శ్రమను తక్కువ చేయడం అన్యాయం. అయితే 2019 ఆగస్టు 15న మొదలైన ఆ వ్యవస్థ 2024లో ప్రభుత్వం మారాక నిలిచిపోయింది; జులై 1 నుంచి పింఛన్లు సచివాలయ సిబ్బంది పంచారు. పైనుంచి వచ్చిన ఆదేశంతో పుట్టినది పైనుంచి వచ్చిన నిర్ణయంతోనే పోగలదు. పొదుపు సంఘాలు ముఖ్యమంత్రులు మారినా మూడు దశాబ్దాలుగా కూర్చుంటూనే ఉన్నాయి, ఎందుకంటే అందులో సభ్యుల సొంత సొమ్ము ఉంది. బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి కొవిడ్ ఆసుపత్రిగా మారినప్పుడు కూడా ఏళ్ళ తరబడి అక్కడికి అలవాటుపడిన పల్లెజనం నమ్మకం ఆ మంచాలతోపాటే ప్రభుత్వానికి అందివచ్చింది. నమ్మకం అత్యవసరంగా తెప్పించుకునే సరుకు కాదు కదా.

మూడోది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది: లెక్కతో కూడిన బంధం బంధమా, ఒత్తిడా? కంతు కట్టలేని ఇంటిమీదికి మిగతా సభ్యులు వెళ్ళడం కొత్త కాదు. రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టు 31 దాకా వాయిదాలకు విరామం ఇచ్చినా ఆ భయం ఇళ్ళలో పోలేదు. ఇంటెడు చాకిరీకి తోడు సంఘం పనీ ఆడవాళ్ళ నెత్తినే పడింది. ఇవి నిజాలే, వీటికి సమాధానం కూడా సంఘం నడిపే తీరులోనే ఉంది. అప్పు వసూలు ఒక్కటే పనిగా పెట్టుకున్న సంఘం బ్యాంకుకు కాపలాదారవుతుంది. తీర్మానం చేసి వాయిదా మార్చుకునే అధికారం ఉన్న సంఘం సభ్యురాలికి అండ అవుతుంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఇచ్చిన స్వయంనిర్ణయం ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

కాబట్టి రెండు పనులు ఆలస్యం లేకుండా జరగాలి. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల విపత్తు ప్రణాళికల్లో గ్రామైక్య సంఘాలకు, ఉపాధి కూలీల గుంపులకు నిర్ణయాధికారంతో స్థానం ఇవ్వాలి. పంపిణీకి మాత్రమే వాళ్ళను పిలిచే పద్ధతి పోవాలి. 2020–21 నాటి సంఘాల తీర్మాన పుస్తకాలు ఇంకా గ్రామాల్లో ట్రంకుపెట్టెల్లోనో అల్మారాల్లోనో ఉండగానే, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిని సేకరించి భద్రపరచాలి. ఆ ఏడాది ఈ సీమ జనం ఒకరికొకరు ఎలా నిలబడ్డారో వాళ్ళే సొంత చేతిరాతతో రాసుకున్న ఆధారాలు అవి.