క్యాసనూరు అటవీ జ్వరం

పడమటి కనుమల్లో పిడుదులు కుట్టడం వల్ల సోకే వైరస్ వ్యాధి. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు వరసగా చచ్చిపడటం, చుట్టుపక్కల ఊళ్లలో జ్వరాలు రావటంతో బయటపడింది. కోతి జ్వరమనీ అంటారు గానీ, పాపం కోతి కూడా బాధిత జీవే. అది చచ్చిన చోట ఒంటిమీది పిడుదులు రాలి నేలమీద పోగవుతాయి. తోటలకు ఎండుటాకులు ఊడ్చుకొచ్చేవారికి, కట్టెలకు, పశువుల వెంట అడవికి వెళ్లేవారికి ముప్పు ఎక్కువ. కంటికి సరిగా ఆనని పిల్ల పిడుదులు చురుగ్గా తిరిగే డిసెంబరు–మే నెలల్లోనే కేసులు పెరుగుతాయి. ఉన్నట్టుండి చలిజ్వరం, భరించలేని తలనొప్పి, ఒళ్లునొప్పులు, కొందరిలో రక్తస్రావం. మనిషి నుంచి మనిషికి అంటదు. ప్రత్యేకమైన మందు లేదు. చాలాకాలం శివమొగ్గ పరిసరాల జబ్బుగానే ఉండి, 2012 తర్వాత వయనాడ్, నీలగిరి, గోవా, సింధుదుర్గ్ ప్రాంతాల్లోనూ కనిపించింది.