కొట్టివేత వేరు, చెరిపివేత వేరు

హౌస్ సర్జన్‌గా చేరిన తొలి వారంలోనే ఒక రోగి కేసు షీటులో మందు మోతాదును నేను తప్పుగా వ్రాశాను. నర్సమ్మగారు సందేహపడి అడగడంతో పొరపాటు బయటపడింది. మందు అప్పటికింకా ఇవ్వలేదు. సిగ్గుతో ఆ అంకెను బ్లేడుతో గీకివేసి, అదే చోట సరైన అంకె వేశాను. సాయంత్రం రౌండ్సుకు వచ్చిన మా ప్రొఫెసరుగారు ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. "తప్పు వ్రాయడం పొరపాటే. దానిని కనిపించకుండా చేయడం మాత్రం పొరపాటు కాదయ్యా" అన్నారు. తప్పు మీద ఒక్క గీత మాత్రమే గీయాలి, దాని కింది అక్షరాలు చదవడానికి వీలుగా ఉండాలి, పక్కన సరైనది వ్రాసి సంతకమూ తేదీ వేయాలి. వైద్యవృత్తిలో ఇది నేటికీ నియమమే.

వైద్యశాస్త్రం తన పెద్ద తప్పుల విషయంలోనూ ఇదే పద్ధతిని పాటించింది. లండన్ నుంచి వెలువడే 'ది లాన్సెట్' పత్రిక 1998 ఫిబ్రవరిలో ఒక వ్యాసం ప్రచురించింది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా వ్యాధులకు కలిపి వేసే ఎం.ఎం.ఆర్. టీకాకూ పిల్లల్లో ఆటిజానికీ సంబంధం ఉండవచ్చునన్న సూచన అందులో ఉంది. ఆధారం 12 మంది పిల్లల వివరాలు మాత్రమే. తల్లిదండ్రులు బెదిరిపోయారు. కొన్నేళ్లలో ఇంగ్లండులో ఆ టీకా వేయించుకునే పిల్లల శాతం సుమారు 80కి పడిపోయింది. 2004లో బ్రయన్ డీర్ అనే పాత్రికేయుడు ఆ పరిశోధనలోని లోపాలను బయటపెట్టడం ప్రారంభించాడు. అదే సంవత్సరం సహరచయితల్లో పదిమంది ఆ వ్యాఖ్యానం నుంచి తప్పుకొన్నారు. 2010 ఫిబ్రవరిలో పత్రిక వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. ప్రధాన రచయిత ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేరును బ్రిటన్ వైద్యమండలి అదే ఏడాది వైద్యుల పట్టిక నుంచి తొలగించింది.

ఇంత జరిగినా ఆ వ్యాసం మాయం కాలేదు. ఎవరైనా తెరచి చదువవచ్చు. పుటల మీద 'ఉపసంహరించబడినది' అన్న ముద్ర పెద్ద అక్షరాలలో కనబడుతుంది. ఏది తప్పో, ఎందుకు తప్పో, ఎవరు ఎప్పుడు నిర్ణయించారో అంతా బహిరంగమే. దీనికి పన్నెండేళ్లు పట్టడం వైద్యలోకానికి సిగ్గుచేటు. అయినా దిద్దుబాటు దిద్దుబాటుగా కనబడడం దాని గొప్పతనం.

ఇప్పుడు మన చేతిలోని ఫోనుల సంగతి చూద్దాం. 2020 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్, మనం వ్యాధితో పాటు 'ఇన్ఫోడెమిక్'తోనూ పోరాడుతున్నామని హెచ్చరించారు. అసత్య సమాచారం అంటువ్యాధిలా వ్యాపిస్తున్నదని ఆ మాటకు అర్థం. ఆ హెచ్చరిక అతిశయోక్తి కాదు. మద్యం కరోనాను అడ్డుకుంటుందన్న పుకారు నమ్మి, ఆ వసంతంలో ఇరాన్‌లో కల్తీ సారాలోని మిథనాల్ త్రాగి వందలాది మంది మరణించారు. మరెందరో చూపు కోల్పోయారు. మన వైపు రెండవ ఉద్ధృతి రోజుల్లో ముక్కులో నిమ్మరసం పిండుకుంటే ఆక్సిజన్ పెరుగుతుందన్న వీడియోలు చూపించి, "డాక్టరుగారూ, ఇది నిజమేనా?" అని నన్ను అడిగినవారిలో చదువుకున్నవారూ ఉన్నారు. మాట కూడా విషమై ప్రాణం తీయగలదని ఒప్పుకోకుండా ఈ చర్చ మొదలుపెట్టడం నిజాయితీ కాదు.

అందువల్ల పెద్ద కంపెనీలు అటువంటి సమాచారాన్ని తొలగించసాగాయి. దానితోనే పాత ప్రశ్న ఒకటి మళ్లీ తలెత్తింది. తప్పును తొలగించే చేయి తానే తప్పు చేస్తే, ఆ తప్పును ఎవరు దిద్దుతారు?

పాత ప్రశ్న అనడానికి కారణం ఉంది. 1918లో యుద్ధం చేస్తున్న దేశాలన్నింటిలోనూ పత్రికల మీద ఆంక్షలుండేవి. తటస్థంగా ఉన్న స్పెయిన్‌లో ఆ నిర్బంధం లేనందున అక్కడి పత్రికలు తమ రాజు అల్ఫోన్సో జబ్బుపడిన సంగతితో సహా ఫ్లూ వార్తలను వ్రాశాయి. నిజం చెప్పినందుకు ఆ జబ్బు వారి పేరునే మోసింది. అమెరికాలో ఆ ఏడాది సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియా నగరంలో యుద్ధ రుణపత్రాల కోసం పెద్ద ఊరేగింపు జరిగింది. దానిని ఆపమని కొందరు వైద్యులు కోరినా, జనం ధైర్యం సడలకూడదన్న ఆలోచనతో పత్రికలు ఆ హెచ్చరికలను ప్రచురించలేదు. సుమారు రెండు లక్షలమంది వీధుల్లో గుమిగూడారు. కొద్ది రోజుల్లోనే ఆస్పత్రులు నిండిపోయాయి. ఆరు వారాల్లో ఆ నగరంలో 12,000 మందికి పైగా చనిపోయారు. ఇక్కడ ప్రాణాలు తీసింది పుకారు కాదు, ధైర్యం పేరిట పాటించిన మౌనం.

నూరేళ్ల తరువాత అదే కథ చైనాలో జరిగింది. ఊహాన్ నగరపు కంటివైద్యుడు లీ వెన్‌లియాంగ్ 2019 డిసెంబరు 30న తన సహాధ్యాయులకు ఒక సందేశం పంపారు. చేపల మార్కెట్టుతో సంబంధమున్న ఏడుగురికి సార్స్ సోకిందని, జాగ్రత్తపడమని దాని సారాంశం. జనవరి 3న పోలీసులు పిలిచి, అసత్య ప్రచారం చేశానని ఒప్పుకుంటూ ఆయన చేత సంతకం చేయించారు. నిజానికి అది సార్స్ కాదు, దానికి దగ్గరి బంధువైన కొత్త వైరస్. అక్షరాలా చూస్తే ఆయన మాట తప్పే; హెచ్చరికగా చూస్తే అంతకన్నా విలువైన నిజం ఆ రోజున లేదు. ఫిబ్రవరి 7న అదే వ్యాధితో ఆయన మరణించారు. ఆ 'పుకారు'ను జనం ఆనాడే నమ్మి మాస్కులు వేసుకుని ఉంటే మేలు జరిగేదేమోనని చైనా సర్వోన్నత న్యాయస్థానం తన వ్యాఖ్యలో అంగీకరించింది. మార్చిలో ఆయన మీది మందలింపును రద్దు చేశారు.

అది నిరంకుశ ప్రభుత్వం కదా అనవచ్చు. సదుద్దేశంతో పనిచేసిన సంస్థల సంగతీ చూడాలి. ఈ వైరస్ గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 28న ఖండితంగా ప్రకటించింది. మే నెలలో యూట్యూబ్ ఒక నియమం పెట్టింది: వ్యాధి చికిత్స, నివారణ, వ్యాప్తి విషయాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకూ స్థానిక ఆరోగ్యాధికారులకూ విరుద్ధమైన అసత్య సమాచారానికి చోటు లేదు. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ వ్రాసి, గాలిలో తేలే సూక్ష్మకణాల ద్వారా వ్యాధి సోకే అవకాశాన్ని గుర్తించమని కోరారు. వారి మాటే చివరికి నిలిచింది. తలుపులూ కిటికీలూ తెరచి ఉంచమనే సలహా మనకు ఆలస్యంగా అందింది. ఆ లేఖ వైద్యపత్రికలో వచ్చింది గనుక నిలిచింది. అదే మాటను ఒక సామాన్య వైద్యుడు వీడియోలో చెప్పి ఉంటే, ఆ నియమం ప్రకారం దానిని ఏమి చేయాలి?

ఫేస్‌బుక్ అనుభవం మరింత స్పష్టమైనది. వైరస్ మానవనిర్మితమన్న వాదనను అది 2021 ఫిబ్రవరిలో తొలగించవలసిన వాటి జాబితాలో చేర్చి, మే 26న ఆ జాబితా నుంచి తీసివేసింది. నడుమ ఆ వాదన ఋజువు కాలేదు, అబద్ధమనీ తేలలేదు, చర్చ మారిందంతే. చర్చలో ఉన్నదానిని తేలిపోయినదిగా భావించడమే ఆ పొరపాటు. అదే సంవత్సరం నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్, ఫైజర్ టీకా ప్రయోగాలు నిర్వహించిన ఒక సంస్థలో జరిగిన అవకతవకలపై పరిశోధనాత్మక కథనం ప్రచురించింది. దానిని పంచుకోబోయిన పాఠకులకు ఫేస్‌బుక్ నుంచి హెచ్చరికలు ఎదురయ్యాయి. సంపాదకులు డిసెంబరులో మార్క్ జుకర్‌బర్గ్‌కు బహిరంగ లేఖ వ్రాయవలసి వచ్చింది. 1840లో పుట్టిన వైద్యపత్రికకే అంత శ్రమ అయితే, అనామకుడైన పౌరుని గతి ఏమిటి?

ఈ చిక్కుముడి మన న్యాయవ్యవస్థకు కొత్తది కాదు. బూటకపు వైద్యాల ప్రచారాన్ని అరికట్టడానికి మన పార్లమెంటు 1954లో ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టాన్ని తెచ్చింది. అది నిషేధించినది ప్రకటనను; శాస్త్రీయ దృష్టితో వ్రాసిన గ్రంథాన్ని కాదు. ఆ చట్టం వాక్‌స్వాతంత్ర్యానికి భంగమని హమ్దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1959 డిసెంబరులో వెలువడిన తీర్పు, సరుకు అమ్ముకోవడానికి వేసే ప్రకటన భావప్రకటన స్వేచ్ఛ అనిపించుకోదని చెప్పి చట్టాన్ని సమర్థించింది. అయితే ఏ ప్రమాణమూ చెప్పకుండా కొత్త వ్యాధులను జాబితాలో చేర్చుకునే అధికారాన్ని, ప్రకటనలను స్వాధీనం చేసుకునే హద్దులేని అధికారాన్ని మాత్రం కొట్టివేసింది. మందు పేరుతో మోసగించేవాణ్ణి ఆపవచ్చు, కాని ఆపే చేతికీ హద్దు ఉండాలి. అరవై ఏళ్లనాటి ఈ వివేకాన్ని కంపెనీలు చదివి ఉంటే బాగుండేది.

2021లో మన అనుభవం కూడా అదే చెబుతుంది. ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ఆక్సిజన్ కోసమో పడకల కోసమో సామాజిక మాధ్యమాల్లో మొరపెట్టుకున్న పౌరులపై చర్యలు తీసుకుంటే కోర్టు ధిక్కారంగా పరిగణిస్తామని ప్రభుత్వాలను హెచ్చరించింది. ఆ మొరలలో పొరపాట్లు ఉండి ఉండవచ్చు. అవి చెరిగిపోతే ప్రాణాలే పోయేవి. మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం మందు వీడియోలు వ్యాపించి వేలమంది ఆ ఊరికి పరుగెత్తారు. దూరం లేదు, మాస్కు లేదు. నాకు దిగులు వేసింది. అక్కడ కొంతైనా మేలు చేసినది వీడియోల తొలగింపు కాదు. పంపిణీ ఆపి, మందులను విడివిడిగా పరిశీలించి, వేటికి అనుమతి ఉందో, కంటి చుక్కలకు ఎందుకు లేదో ప్రభుత్వం బహిరంగంగా చెప్పడమే మేలు చేసింది. ఆ మందు పనిచేస్తుందని నేను నమ్మలేదు. అయినా ఎదుటివారిని నోరు మూయించి ఉంటే, నా మాట వినడానికి ఒక్కరైనా మిగిలేవారు కారు.

ఇప్పుడు గాలి ఎదురు దిశకు తిరిగింది. కోవిడ్ సమాచారం తొలగించమని అమెరికా ప్రభుత్వం కంపెనీలను ఒత్తిడి చేసిందన్న వ్యాజ్యంలో, వాదులకు దావా వేసే అర్హత లేదని చెప్పి 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు అసలు ప్రశ్నను తేల్చలేదు. 2025 జనవరిలో మెటా సంస్థ అమెరికాలో నిజనిర్ధారకుల ఏర్పాటునే ఎత్తివేస్తామని ప్రకటించింది. నిన్న అతిగా గీకిన బ్లేడు నేడు పూర్తిగా పక్కన పడింది. ఇది దిద్దుబాటు కాదు. మోతాదు ఎక్కువైందని మందే మానివేయడం వంటిది.

నా అభిప్రాయం వైద్యుని అలవాటు నుంచి పుట్టినది. వెంటనే ప్రాణం తీసేదానిని, అంటే మిథనాల్ త్రాగమనే మాటను, తక్షణం తీసివేయవలసిందే. విషం సీసాను రోగి చేతి నుంచి లాక్కునేముందు చర్చ పెట్టము. నయం చేస్తానని డబ్బు గుంజే ప్రకటనకు చట్టముంది. మిగిలిన సందేహం, ప్రశ్న, అనుభవం, భిన్నాభిప్రాయం తప్పైనా సరే నిలిచి ఉండాలి. దాని మీద గీత పడాలి. ఆ గీత పక్కన కారణం ఉండాలి, తేదీ ఉండాలి, గీసినవారి పేరు ఉండాలి. గీత తప్పని తేలినరోజున దాని మీదా మరో గీత గీయడానికి చోటుండాలి. తొలగించిన సీసాకైనా కారణాన్ని నమోదు చేసి ఉంచాలి.

ఆనాటి ఆ కేసు షీటులో నేను గీకిన చోట కాగితం పలచబడి, తరువాత వేసిన సిరా అలుక్కుపోయింది. నేను వ్రాసిన సరైన అంకెను కూడా ఎవరూ నమ్మలేకపోయారు. మందు ఇచ్చేముందు నర్సమ్మగారు మళ్లీ వచ్చి నన్ను అడగవలసి వచ్చింది.